సొమ్ము ప్రజలది, సోకు ప్రచురణ సంస్థలది

2024 నవంబరు 25న కేంద్ర మంత్రివర్గం ‘ఒకే దేశం - ఒకే చందా’ పథకాన్ని ఆమోదించింది. 2025 నుంచి 2027 వరకు మూడు సంవత్సరాలకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించింది. 30 అంతర్జాతీయ ప్రచురణ సంస్థలకు చెందిన దాదాపు 13,000 పరిశోధన పత్రికలను 6,300కు పైబడిన ప్రభుత్వ విద్యాసంస్థల్లో, పరిశోధనశాలల్లో ఉన్న 1.8 కోట్ల మంది విద్యార్థులు, అధ్యాపకులు, పరిశోధకులు చదువుకోవచ్చునన్నది ఆ పథకం సారాంశం. జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ డిగ్రీ కళాశాల విద్యార్థికీ, ఐఐటీ ఆచార్యుడికీ ఒకే గ్రంథాలయం అన్న మాట వినడానికి ఇంపుగానే ఉంది. అందుకే ఈ నిర్ణయాన్ని మెచ్చుకున్నవారు ఎక్కువ, లెక్క అడిగినవారు తక్కువ.

అడగవలసిన లెక్క ఒకటుంది. ఆ పత్రికల్లో అచ్చయిన పరిశోధన పత్రాల్లో వేలకు వేలు మన విశ్వవిద్యాలయాల్లో, మన ప్రభుత్వ ప్రయోగశాలల్లో, మన పన్నుల డబ్బుతో పుట్టినవే. వాటిని మనం ప్రచురణ సంస్థల చేతుల్లో ఉచితంగా పెట్టాం. పెట్టినదాన్నే ఇప్పుడు మూడేళ్ల అద్దెకు తెచ్చుకున్నాం. ఆ అద్దె ఒప్పందాన్ని జాతీయ విజయంగా చాటుకున్నాం. ప్రజాధనంతో జరిగిన పరిశోధనను చదివే హక్కు ప్రజలదేనని చట్టంలో రాసుకోనంత కాలం ఎన్ని వేల కోట్లు పోసినా ఈ అద్దె తీరదు. ఆ నాలుగు వాక్యాలు చట్టంలో రాయించే పని పార్లమెంటుది. పార్లమెంటు ఆ పని చేయకుండా ఖజానా తాళాలు మాత్రం ప్రచురణ సంస్థలకు అందిస్తున్నది. దీనికి నిదర్శనం వెతకడానికి ఢిల్లీ సెమినార్ హాళ్ల కంటే జంషెడ్‌పూర్ మంచి చోటు.

ఉక్కునగరంలో ఒక ప్రయోగశాల

జంషెడ్‌పూర్ తెలుగువారికి పరాయి ఊరేమీ కాదు. ఉత్తరాంధ్ర పల్లెల నుంచి టాటా ఉక్కు కర్మాగారంలో పనికి వెళ్లిన కుటుంబాలు తరాలుగా అక్కడే స్థిరపడ్డాయి. బిష్టుపూర్‌లోని రామమందిరం ఆ వలసకు నేటికీ గుర్తుగా నిలిచి ఉంది. ఆ నగరంలోనే బర్మామైన్స్ ప్రాంతంలో శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలికి, అంటే సీఎస్ఐఆర్‌కు చెందిన జాతీయ లోహశోధన ప్రయోగశాల ఉంది. అందరూ ఎన్ఎంఎల్ అంటారు. 1950 నవంబరు 26న జవహర్‌లాల్ నెహ్రూ దానిని ప్రారంభించారు. చందా పథకాన్ని మంత్రివర్గం ఆమోదించిన నాటికి ఆ ప్రయోగశాల వయసు 74 ఏళ్లకు ఒక్క రోజు తక్కువ.

నెహ్రూ తరం పాలకులకు ఎన్ని లోపాలున్నా ఒక విషయంలో స్పష్టత ఉంది. స్వతంత్ర దేశానికి సొంత శాస్త్రం కావాలి, అది పరిశ్రమకూ ప్రజలకూ అందాలి, దానికి ఖర్చు ప్రభుత్వం భరించాలి. ఎన్ఎంఎల్ ఆ సంకల్పంతో పుట్టింది. అక్కడ జరిగే పనికి ఒక్క ఉదాహరణ చెబుతాను. థర్మల్ విద్యుత్కేంద్రాల బాయిలర్లలో ఉక్కు గొట్టాలు 500 డిగ్రీలు దాటిన వేడిలో, విపరీతమైన ఆవిరి ఒత్తిడిలో ఏళ్ల తరబడి పనిచేస్తాయి. అంత వేడిలో లోహం కంటికి కనిపించకుండా సాగుతూ పోయి ఒకనాడు తెగుతుంది. ఆ సాగుదలను ఇంజినీర్లు ‘క్రీప్’ అంటారు. ఎన్ఎంఎల్‌లోని క్రీప్ పరీక్షాకేంద్రంలో ఉక్కు నమూనాలను కొలిమి వేడిలో బరువుకు వేలాడదీసి వేల గంటలు కనిపెట్టుకుని ఉంటారు. రామగుండంలోనైనా ఇబ్రహీంపట్నంలోనైనా పాతబడిన బాయిలర్ గొట్టం ఇంకా ఎన్నేళ్లు మన్నుతుందో అంచనా వేయడానికి పనికొచ్చే జ్ఞానమది. దాని మీద అక్కడ పనిచేసే మనుషుల ప్రాణాలు ఆధారపడి ఉంటాయి.

ఇటువంటి పరిశోధన పత్రం ఒకటి ఎలా తయారవుతుందో గమనించండి. శాస్త్రవేత్త జీతం ప్రభుత్వానిది. యంత్రం, కరెంటు, నమూనా, పరిశోధక విద్యార్థి ఉపకారవేతనం అన్నీ ప్రభుత్వానివే. పత్రం రాసి విదేశీ పత్రికకు పంపితే, దాని మంచిచెడ్డలు తేల్చే బాధ్యతను ఆ పత్రిక మరో ఇద్దరు ముగ్గురు శాస్త్రవేత్తలకు అప్పగిస్తుంది. వారు ఆ సమీక్ష జీతం లేకుండా చేస్తారు. వారి సమయానికి వేతనం చెల్లించేది కూడా ఏదో ఒక దేశపు విశ్వవిద్యాలయమో ప్రయోగశాలో తప్ప పత్రిక కాదు. పత్రం అచ్చుకు యోగ్యమని తేలాక రచయిత ఒక పత్రం మీద సంతకం పెడతాడు. ఆ సంతకంతో కాపీరైట్ ప్రచురణ సంస్థ పరమవుతుంది. రచయితకు ఒక్క రూపాయి రాదు. మర్నాటి నుంచి ఆ పత్రాన్ని చదవాలంటే సంస్థ చందాదారైనా అయి ఉండాలి, ఒక్కొక్క వ్యాసానికి 30 డాలర్లకు పైగానైనా చెల్లించాలి. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్న సామెతను మనవాళ్లు ఏ సంతలో కల్పించారో కాని, శాస్త్ర ప్రచురణ సంతకు ఇది అతికినట్టు సరిపోతుంది.

ఒకే ఊళ్లో రెండు దేశాలు

కొత్త పథకం ఈ అన్యాయాన్ని తొలగించిందని చెప్పేవారు ఖర్కాయీ నది దాటి ఆదిత్యపూర్ వెళ్లి చూడాలి. జంషెడ్‌పూర్ ఎన్ఐటీ ప్రాంగణం అక్కడే ఉంది. చుట్టూ ఆదిత్యపూర్ పారిశ్రామికవాడ. పెద్ద కర్మాగారాలకు విడిభాగాలు పోతపోసి, సాగగొట్టి, చెక్కి ఇచ్చే చిన్న పరిశ్రమలు అక్కడ వందలాదిగా ఉన్నాయి. పథకం ప్రకారం ఎన్ఐటీ విద్యార్థి లోహశాస్త్ర పత్రికలన్నీ చదవవచ్చు. మంచిదే. అదే విద్యార్థి పట్టా పుచ్చుకుని రోడ్డవతల ఫౌండ్రీలో ఉద్యోగానికి చేరిన నాడు చదవలేడు. పోతపోసిన భాగంలో పగులు ఎందుకు వస్తున్నదో తెలుసుకోవలసిన అవసరం పరీక్ష రాసే రోజు కంటే ఫౌండ్రీలో నిలబడ్డ రోజునే ఎక్కువ. అవసరం మొదలైన చోటనే హక్కు ఆగిపోతున్నది.

వైద్యంలోనూ ఇదే తీరు. నగరంలోని మహాత్మాగాంధీ స్మారక వైద్య కళాశాల ప్రభుత్వానిది కనుక దాని విద్యార్థులు అర్హులు. అదే నగరంలో ప్రైవేటు యాజమాన్యంలోని వైద్య కళాశాల విద్యార్థులకు మొదటి దశలో చోటు లేదు. సింగ్‌భూమ్ పల్లెల్లో ప్రాక్టీసు చేసే డాక్టరుకు అసలు ఏ దశలోనూ చోటున్నట్టు కనిపించదు. బడి ఉపాధ్యాయుడు, న్యాయవాది, పాత్రికేయుడు, కార్మిక సంఘం కార్యకర్త, పదవీ విరమణ చేసిన శాస్త్రవేత్త, వీరందరూ పౌరులే, పన్ను కట్టేవారే. పాఠకులుగా మాత్రం వీరు లెక్కలోకి రారు.

ఇది కేవలం సౌకర్యానికి సంబంధించిన విషయమనుకునేవారికి జాదూగూడ గుర్తుచేయాలి. జంషెడ్‌పూర్‌కు ముప్పై కిలోమీటర్ల లోపే ఉన్న ఆ ఊరిలో యురేనియం కార్పొరేషన్ 1967 నుంచి గనులు నడుపుతున్నది. గని వ్యర్థాల చెరువుల పక్కన బతికే ఆదివాసీలు తమ పిల్లల అంగవైకల్యాల గురించి, తమ నీళ్ల గురించి దశాబ్దాలుగా అడుగుతున్నారు. రేడియేషన్ పరిమితుల్లోనే ఉన్నదని కార్పొరేషన్ అంటూ వచ్చింది. 2014లో జార్ఖండ్ హైకోర్టు ఈ విషయాన్ని తనంతట తానే విచారణకు స్వీకరించింది. ఎవరి వాదన సరైనదో ఇక్కడ తేల్చబోవడం లేదు. కాని తేల్చుకోవడానికి కావలసిన కొలతలు ఎక్కడున్నాయి? ఆ ప్రాంతపు మట్టిలో, నీటిలో, తిండిలో యురేనియం, రేడియం ఎంతెంత ఉన్నాయో అణుశక్తి విభాగానికి చెందిన ప్రభుత్వ శాస్త్రవేత్తలే కొలిచారు. ఆ ఫలితాల్లో అనేకం విదేశీ ప్రచురణ సంస్థల పత్రికల్లో వెలువడ్డాయి. తన బావి నీళ్లను తన ప్రభుత్వం కొలిస్తే, ఆ కొలత చదవడానికి జాదూగూడ వాసి విదేశీ కంపెనీకి డాలర్లు కట్టాలి. పరిమితుల్లోనే ఉన్నదని చెప్పేవారికి ఆ పత్రాలు అందుబాటులో ఉన్నాయి, సందేహం అడిగేవారికి లేవు. ఇటువంటి చోట సంవాదం సమానుల మధ్య జరుగుతున్నదని ఎవరు నమ్ముతారు?

సమాచార హక్కు చట్టం ఉన్నది కదా అనవచ్చు. 2005 నాటి ఆ చట్టం తొమ్మిదో సెక్షన్‌ను ఒకసారి చదవండి. రాజ్యానికి కాక మరొకరికి చెందిన కాపీరైట్‌కు భంగం కలిగే పక్షంలో సమాచారం ఇవ్వడానికి అధికారి నిరాకరించవచ్చునని అందులో ఉంది. అంటే ప్రభుత్వ ప్రయోగశాల ఫలితం మీది కాపీరైట్ ప్రైవేటు సంస్థకు ధారపోసిన క్షణం నుంచీ, అడిగిన పౌరుడికి లేదనడానికి ఒక చట్టబద్ధమైన సాకు కూడా సిద్ధమవుతుంది. ఆఫీసు ఫైలు మీద గుమాస్తా రాసిన నోటు అడిగి తెచ్చుకోగల పౌరుడు, తన నీటిలోని విషం లెక్కను అడిగి తెచ్చుకోలేని పరిస్థితి వస్తుంది. ఈ వైపరీత్యాన్ని సమాచార హక్కు ఉద్యమకారులు కూడా పట్టించుకోవలసినంతగా పట్టించుకోలేదు.

ప్రమాణ చూపిన దారి

ఇందుకు మరో మార్గం లేదన్న మాట అబద్ధం. ఎన్ఎంఎల్‌కు 1992 నుంచి 2002 వరకు సంచాలకులుగా ఉన్న పి. రామచంద్రరావు కృష్ణా జిల్లా కవుతరంలో పుట్టిన తెలుగువారు. జంషెడ్‌పూర్ రాకముందు ఆయన కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో లోహశాస్త్ర ఆచార్యులు. 1984 నవంబరులో డాన్ షెక్ట్‌మన్ బృందం క్వాసీక్రిస్టల్ అనే వింత ఘనరూపాన్ని ప్రపంచానికి వెల్లడించింది. స్ఫటికాల్లో ఉండరాదనుకున్న అయిదు మడతల సౌష్ఠవం ఒక అల్యూమినియం-మాంగనీసు మిశ్రలోహంలో కనిపించింది. 2011లో షెక్ట్‌మన్‌కు రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి తెచ్చిన పని అదే. ఆ వార్త వచ్చిన మరుసటి ఏడాదే, 1985లో, రామచంద్రరావు తన సహచరుడు జి.వి.ఎస్. శాస్త్రితో కలిసి మెగ్నీషియం, అల్యూమినియం, జింకుల మిశ్రమంలో అటువంటి ఘనరూపాన్ని రాబట్టి, క్వాసీక్రిస్టళ్లను ఏయే మిశ్రలోహాల్లో వెతకాలో సూచించే ఒక ఆధారాన్ని ప్రతిపాదించారు.

ఆ పత్రాన్ని వారు ప్రచురించినది బెంగళూరులోని భారతీయ విజ్ఞాన అకాడమీ భౌతికశాస్త్ర పత్రిక ‘ప్రమాణ’లో. సి.వి. రామన్ 1934లో స్థాపించిన అకాడమీ అది. ఆ పత్రిక పాత సంచికలను అకాడమీ అంతర్జాలంలో ఉచితంగా ఉంచింది. ఇవాళ ఆదిత్యపూర్‌లోని ఫౌండ్రీ యజమాని అయినా, టోక్యోలోని ఆచార్యుడైనా, కవుతరంలోని ఇంటర్ విద్యార్థి అయినా ఆ పత్రాన్ని పైసా ఖర్చు లేకుండా చదవవచ్చు. భారతీయ పత్రికలో అచ్చయింది కనుక ప్రపంచం దాన్ని పట్టించుకోలేదా? ఆ రంగంలో పనిచేసేవారు దశాబ్దాలుగా ఆ పత్రాన్ని ఉదహరిస్తూనే ఉన్నారు. సరుకు ఉంటే శాస్త్రం ఎక్కడ అచ్చయినా వెతుక్కుని వస్తారు. పేరున్న విదేశీ పత్రికలో వేసుకుంటే తప్ప విలువ రాదన్న భయాన్ని మన పదోన్నతి కమిటీలే పెంచి పోషించాయి. శాస్త్రవేత్తలూ ఆ భయానికి లొంగిపోయారు. ఈ విషయంలో నేరమంతా విదేశీ కంపెనీలదే అనడం ఆత్మవంచన. తాళం వారిదే కాని, తలుపు దగ్గరకు వేసినవాళ్లం మనమే.

లాభాల లెక్క

ప్రచురణ సంస్థలు ఊరికే తింటున్నాయా, సంపాదకత్వం లేదా, కంప్యూటర్ వ్యవస్థలు నడపాలి కదా అని వాదించేవారున్నారు. ఖర్చు ఉన్నమాట నిజమే. అయితే ఖర్చుకూ ధరకూ మధ్య దూరం ఎంత అన్నదే ప్రశ్న. ఎల్సెవియర్ యజమాని అయిన రెలెక్స్ సంస్థ 2023 వార్షిక నివేదిక ప్రకారం దాని శాస్త్ర, సాంకేతిక, వైద్య విభాగం ఆదాయం 300 కోట్ల పౌండ్లకు పైమాట. అందులో నిర్వహణ లాభం నూటికి దాదాపు 38. ముడిసరుకు ఉచితంగా వచ్చి, నాణ్యతా పరీక్ష ఉచితంగా జరిగి, కొనుగోలుదారుడికి ప్రత్యామ్నాయం లేని వ్యాపారం ప్రపంచంలో మరెక్కడుంది?

మన 6,000 కోట్లను ఈ వెలుగులో చూడాలి. దేశమంతటా 37 ప్రయోగశాలలు నడిపే సీఎస్ఐఆర్‌ను పోషించే కేంద్ర విభాగానికి 2024-25 బడ్జెట్‌లో కేటాయించినది సుమారు 6,300 కోట్లు. ఒక్క ఎన్ఎంఎల్‌తో సహా ఆ ప్రయోగశాలలన్నీ ఒక సంవత్సరం పరిశోధన చేయడానికి అయ్యేంత సొమ్మును, పరిశోధన ఫలితాలు మూడేళ్లు చదువుకోవడానికి చెల్లిస్తున్నాం. చదవగలిగే 1.8 కోట్ల మందికి పంచితే తలకు 3,300 రూపాయలు పైచిలుకు. వారిలో ఎందరు నిజంగా పరిశోధన పత్రికలు తెరుస్తారో చెప్పనక్కరలేదు.

చందా బదులు రచయిత దగ్గర డబ్బు తీసుకుని పాఠకుడికి ఉచితంగా ఇచ్చే పద్ధతి ఒకటి వ్యాపించింది. దాన్నే ఓపెన్ యాక్సెస్ అని ప్రచురణ సంస్థలు ప్రచారం చేసుకుంటున్నాయి. 2020లో నేచర్ పత్రిక ఇందుకు ప్రకటించిన రుసుము వ్యాసానికి 9,500 యూరోలు. మన జూనియర్ పరిశోధక విద్యార్థి ఉపకారవేతనం నెలకు 37,000 రూపాయలు. ఒక్క వ్యాసం రుసుము ఆ విద్యార్థి రెండేళ్ల తిండికీ బసకూ దాదాపు సమానం. మన కొత్త పథకంలో ఇటువంటి రుసుముల కోసం ఏటా 150 కోట్లు కేటాయించారు. అంటే ఒక చేత్తో చదవడానికి చందా, మరో చేత్తో రాయడానికి సుంకం. రెండు చేతులూ మనవే, అందుకునే చేయి ఒక్కటే. స్వేచ్ఛా లభ్యతకు ఈ పద్ధతిని పర్యాయపదంగా చూపించడం ఆ ఆశయానికే కళంకం. 2002 ఫిబ్రవరిలో బుడాపెస్ట్ ప్రకటన ద్వారా ఆ ఆశయాన్ని చాటినవారు తొలి మార్గంగా చెప్పినది, రచయితలు తమ పత్రాలను తామే అంతర్జాల భాండాగారాల్లో ఉంచడం. లాటిన్ అమెరికా దేశాలు 1990ల చివరి నుంచే బ్రెజిల్‌లో పుట్టిన సియెలో వంటి వేదికల ద్వారా ప్రజాధనంతో పత్రికలు నడిపి పాఠకులకు ఉచితంగా అందిస్తున్నాయి. అవేమీ అతి సంపన్న దేశాలు కావు.

వెనకడుగుల చరిత్ర

ఈ సంగతులు మన విధానకర్తలకు తెలియనివి కావు. 2009లోనే సీఎస్ఐఆర్ తన ప్రయోగశాలలన్నీ సొంత డిజిటల్ భాండాగారాలు ఏర్పరచి పరిశోధన పత్రాలను అందులో ఉంచాలని కోరింది. ఎన్ఎంఎల్ ఆ పని శ్రద్ధగా చేసిన ప్రయోగశాలల్లో ఒకటి. దశాబ్దాల నాటి సదస్సుల సంపుటాలు కూడా అక్కడ దొరుకుతాయి. అయితే విదేశీ పత్రికల్లో అచ్చయిన అనేక వ్యాసాల దగ్గరకు వెళ్లేసరికి పేరు, సారాంశం కనిపిస్తాయి, పూర్తి పాఠం లోపలివారికే పరిమితం. తన అలమరలో తన పుస్తకం పెట్టుకుని, దానికి ఇతరుల తాళం వేసుకున్న స్థితి అది. గ్రంథాలయాధికారుల తప్పు ఇందులో ఏమీ లేదు. ఒప్పందం మీద సంతకం పెట్టించుకున్న సంస్థ అనుమతి లేకుండా వారేం చేయగలరు?

2014 డిసెంబరులో కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం, జీవసాంకేతిక విభాగం ఉమ్మడిగా ఒక విధానం ప్రకటించాయి. తమ నిధులతో వచ్చిన పత్రాలను ఏడాదికి మించని గడువులో భాండాగారాల్లో ఉంచాలన్నారు. ఉంచనివారి మీద చర్య ఏమిటో గట్టిగా చెప్పలేదు. ఆదేశం ఆకాంక్షగా మిగిలింది. 2019 ఫిబ్రవరిలో అప్పటి ప్రధాన శాస్త్ర సలహాదారు కె. విజయ్‌రాఘవన్, ఐరోపా దేశాలు తలపెట్టిన ‘ప్లాన్ ఎస్’లో భారత్ చేరుతుందన్నారు. అక్టోబరు నాటికి చేరడం లేదన్నారు. 2020 చివరిలో వెలువడిన శాస్త్ర సాంకేతిక విధానం ముసాయిదాలో రెండు గొప్ప వాగ్దానాలున్నాయి. ఒకటి, కేంద్రం ఒకే ఒప్పందం కుదుర్చుకుని దేశంలోని ప్రతి వ్యక్తికీ పరిశోధన పత్రికలు అందేలా చేయడం. రెండు, ప్రజాధనంతో వచ్చిన ప్రతి పత్రాన్నీ వెంటనే జాతీయ భాండాగారంలో ఉంచడం. నాలుగేళ్ల తర్వాత పథకం వచ్చేసరికి ‘ప్రతి వ్యక్తి’ అన్నమాట ‘ప్రభుత్వ సంస్థల సభ్యులు’గా కుదించుకుపోయింది. రెండో వాగ్దానం ఊసే లేదు. ప్రచురణ సంస్థలకు చెల్లించవలసిన భాగం అమలైంది, ప్రజలకు చెల్లించవలసిన భాగం ముసాయిదాలోనే మిగిలింది.

ఈలోగా న్యాయస్థానాల్లో మరో కథ నడిచింది. కజఖ్‌స్థాన్‌కు చెందిన అలెగ్జాండ్రా ఎల్బాకియాన్ 2011లో ప్రారంభించిన సైహబ్ మీద ఎల్సెవియర్, వైలీ, అమెరికన్ కెమికల్ సొసైటీ 2020 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టుకెక్కాయి. పేద దేశాల పరిశోధకులకు అదొక్కటే గ్రంథాలయమని వాదిస్తూ మన శాస్త్రవేత్తలూ, ఢిల్లీ సైన్స్ ఫోరం వంటి సంస్థలూ ముందుకు వచ్చారు. కొత్త పత్రాలు పెట్టబోమని ఇచ్చిన హామీని ఉల్లంఘించారన్న కారణం మీద, అసలు వివాదంపై తుది తీర్పు రాకముందే, 2025 ఆగస్టులో కోర్టు ఆ వెబ్‌సైట్‌ను నిలిపివేయించింది. ఇదే హైకోర్టు 2016లో ఢిల్లీ విశ్వవిద్యాలయపు రామేశ్వరి ఫొటోకాపీ కేసులో విద్యార్థుల పక్షాన నిలిచి, కాపీరైట్‌ను దైవదత్తమైన హక్కుగా భావించనక్కరలేదని చెప్పింది. హామీ ఇచ్చి తప్పినవారిని నేను సమర్థించబోవడం లేదు. దొడ్డిదారి మూసే అధికారం కోర్టుకు ఉంది. అయితే రాజమార్గం వేసే బాధ్యత ప్రభుత్వానిది. దొడ్డిదారి మూతపడినా రాజమార్గం ఇంకా కాగితం మీదనే ఉంది.

చట్టంలో నాలుగు వాక్యాలు

ఏం చేయాలి? జర్మనీ తన కాపీరైట్ చట్టానికి 2014 జనవరి నుంచి అమలయ్యేలా చిన్న సవరణ చేసింది. సగమైనా ప్రజాధనంతో జరిగిన పరిశోధన ఫలితం పత్రికలో అచ్చయితే, పన్నెండు నెలల తర్వాత దాని ఆమోదిత ప్రతిని వ్యాపారేతర ప్రయోజనం కోసం బహిరంగపరిచే హక్కు రచయితకు ఉంటుంది. ప్రచురణ సంస్థతో ఎటువంటి ఒప్పందం మీద సంతకం పెట్టినా ఆ హక్కు పోదు. నెదర్లాండ్స్ 2015లో, ఫ్రాన్స్ 2016లో ఇటువంటి చట్టాలు చేశాయి. ఫ్రాన్స్‌లో విజ్ఞానశాస్త్రాలకు గడువు ఆరు నెలలే. ఆ దేశాల్లో పత్రికలేమీ మూతపడలేదు, శాస్త్రమేమీ కుంటుపడలేదు.

మన 1957 నాటి కాపీరైట్ చట్టానికి ఈ ఆలోచన అపరిచితం కాదు. 2012లో పార్లమెంటు చేసిన సవరణను గుర్తుచేసుకోండి. సినిమాకు పాట రాసిన కవి, బాణీ కట్టిన సంగీత దర్శకుడు తమ రాయల్టీ హక్కును నిర్మాతకు రాసిచ్చినా ఆ రాత చెల్లదని ఆ సవరణ చెప్పింది. బలవంతుడైన కొనుగోలుదారు ఎదుట బలహీనుడైన రచయిత పెట్టిన సంతకాన్ని స్వేచ్ఛగా పెట్టినదిగా భావించలేమన్నది దాని వెనుక న్యాయసూత్రం. జావేద్ అఖ్తర్ రాజ్యసభలో నిలబడి మాట్లాడితే పాటల రచయితకు దక్కిన రక్షణ, ప్రజల కోసం పరిశోధన చేసే శాస్త్రవేత్తకు ఎందుకు దక్కకూడదు? శాస్త్రవేత్త రాయల్టీ కూడా అడగడం లేదు. తాను రాసినది తన దేశ ప్రజలు చదవడానికి అనుమతి అడుగుతున్నాడు.

మొదటి కర్తవ్యం కాబట్టి కాపీరైట్ చట్టానికి అటువంటి సవరణ. రెండోది, 2027 తర్వాత చందా ఒప్పందాన్ని పొడిగించవలసి వస్తే దాని షరతులన్నీ పార్లమెంటు ముందుంచాలి, ఏ సంస్థకు ఎంత ఇచ్చామో ప్రజలకు చెప్పాలి. భారతీయ రచయితల పత్రాలన్నీ ప్రపంచానికి ఉచితంగా తెరవడం, దేశంలోని ప్రభుత్వ గ్రంథాలయాల్లో ప్రతి పౌరుడికీ ప్రవేశం, ఈ రెండూ లేని ఒప్పందం మీద సంతకం పెట్టకూడదు. మూడోది, రచయితల రుసుముల కోసం విదేశీ సంస్థలకు పోయే 150 కోట్లను రచయిత దగ్గరా పాఠకుడి దగ్గరా డబ్బు తీసుకోని భారతీయ పత్రికలకు, ఎన్ఎంఎల్ వంటి ప్రయోగశాలల భాండాగారాలకు మళ్లించాలి. నాలుగోది, శాస్త్రవేత్త పదోన్నతికి పత్రిక పేరును కొలమానంగా వాడే అలవాటును సీఎస్ఐఆర్, యూజీసీ మానాలి. ఆ అలవాటు పోనంత కాలం చట్టం ఇచ్చిన హక్కును వాడుకోవడానికి యువ శాస్త్రవేత్త జంకుతూనే ఉంటాడు.

ఇదంతా సాధ్యమా అని నిట్టూర్చేవారికి ఒక్కటే గుర్తుచేస్తాను. 2020లో కోవిడ్ విరుచుకుపడినప్పుడు ఇవే ప్రచురణ సంస్థలు ఆ వ్యాధికి సంబంధించిన వ్యాసాలను వారాల వ్యవధిలో ప్రపంచమంతటికీ ఉచితంగా తెరిచాయి. తాళాలు తీయడం సాధ్యమేనని అవే రుజువు చేశాయి. క్షయకూ, సిలికోసిస్‌కూ, కలుషితమైన నీటికీ ఆ అత్యవసరం ఎందుకు వర్తించదు? వాటివల్ల చనిపోయేవారు న్యూయార్క్‌లోనూ లండన్‌లోనూ ఎక్కువగా లేరనా?

చందా ఒప్పందం 2027 డిసెంబరు 31తో ముగుస్తుంది. ఆనాటికి మన ముందు రెండే దారులుంటాయి. చట్టం చేతిలో ఉంటే ప్రచురణ సంస్థలతో సమాన స్థాయిలో బేరం ఆడవచ్చు. చట్టం లేకపోతే, 1.8 కోట్ల మందిని ఆ పత్రికలకు అలవాటు చేసిన తర్వాత, వారు చెప్పిన ధరకే తలవంచాలి. ఏ పార్టీకి ఓటు వేసినా సరే, మీ నియోజకవర్గపు పార్లమెంటు సభ్యుణ్ణి ఈలోగా ఒక్క ప్రశ్న అడగండి. జాదూగూడ బావిలో ఎంత యురేనియం ఉన్నదో ప్రభుత్వం కొలిచిన లెక్కను, ఆ బావి నీళ్లు తాగే మనిషి చదవడానికి ఎవరి అనుమతి కావాలి?